జబ్బు మనిషా, చెడ్డ మనిషా

ఆ శనివారం పొద్దున్న హాఫ్‌టైమ్‌లో గాబోర్ పిల్లల్ని గడ్డిమీద గుండ్రంగా కూర్చోబెట్టి మాట్లాడాడు. పద్నాలుగేళ్ళలోపు ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు అది. గాబోర్ కోచ్, నా భర్త. మా అమ్మాయి తార కూడా అందులోనే ఆడేది. ఎడమవైపు ఖాళీ వదిలేస్తున్నారు, బంతి పోయాక నిలబడి చూడకండి, పాపం మన గోల్‌కీపర్‌కి చలేస్తోంది కాబట్టి అప్పుడప్పుడు తనకీ బంతి ఇవ్వండి అని ఒక జోకు. పిల్లలు నవ్వి లేచారు.

"ఎక్కడికి? కూర్చోండి" అన్నాడు.

కూర్చున్నారు. మళ్ళీ ఎడమవైపు ఖాళీ, మళ్ళీ నిలబడి చూడకండి, మళ్ళీ గోల్‌కీపర్‌కి చలి. అదే గొంతు, జోకుకి ముందు అదే చిన్న విరామం. పిల్లలు మర్యాద కోసం రెండోసారీ నవ్వారు. తార నవ్వలేదు. మైదానం గీతకు అవతల మడత కుర్చీలో ఉన్న నావైపు చూసింది.

ఈ జంట ఎలా కుదిరిందని అడిగేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు కాబట్టి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. నాది కాకినాడ. బ్రిస్బేన్‌లో కొత్తగా వచ్చినవాళ్ళకు ఇంగ్లీషు నేర్పే ఉద్యోగం. గాబోర్‌ది హంగరీలో తీసా నది ఒడ్డున ఒక చిన్న పట్టణం. పదేళ్ళకే ఫుట్‌బాల్ అకాడమీ హాస్టల్లో చేరాడు, పంతొమ్మిదేళ్ళకు బుడాపెస్ట్‌లో పెద్ద లీగ్ ఆడాడు, తరవాత ఆస్ట్రియా, సైప్రస్, ఆ తరవాత ఇక్కడికి. నా క్లాసులో వెనక బెంచీలో కూర్చునేవాడు. మేమిద్దరం మాట్లాడుకునేది ఇంగ్లీషే, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

పేపర్లో ఫొటో పడే రకం ఆటగాడు కాదు. డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్. అవతలి గోల్‌కీపర్ ఎత్తుగా తన్నిన బంతి ఆకాశం నుంచి దిగివచ్చే చోట నిలబడి దాన్ని నుదుటితో వెనక్కి పంపించడం అతని పని. చలికాలం, తడిసిన బంతి, వెనకనుంచి ఒకడి మోచెయ్యి. పదిహేనేళ్ళకు పైగా అదే చేశాడు. తలకు ఎన్నిసార్లు దెబ్బ తగిలిందని తరవాత డాక్టర్లు అడిగితే, "దెబ్బంటే ఏది?" అని అడిగాడు. స్పృహ తప్పితేనే అతని దృష్టిలో దెబ్బ.

హాఫ్‌టైమ్ సంగతి అలసట అనుకున్నాం. తరవాత సన్నీబ్యాంక్ షాపింగ్ సెంటర్లో కారు ఎక్కడ పెట్టాడో మర్చిపోయి, వెతికి వెతికి ఒక ముసలాయన మీద అరిచాడు. గొంతు పెంచని మనిషి. ఆ అరుపు విని నేను వేరెవరో అనుకుని వెనక్కి తిరిగి చూశాను. ఆ నెలలోనే అన్నం చల్లారిందని పళ్ళెం గోడకేసి కొట్టాడు. పెంకు ముక్క తార కాలికి గుచ్చుకుంది.

జీపీ దగ్గరికి, అంటే మా ఫ్యామిలీ డాక్టర్ దగ్గరికి వెళ్ళాం. ఆయన గాబోర్‌ను కాసేపు మాట్లాడించి, "ఆట ఆపేశాక చాలామందికి ఇలా ఉంటుంది. డిప్రెషన్. ఒక టాబ్లెట్ మొదలుపెడదాం" అన్నాడు. ఆట ఆపేసి పదేళ్ళు దాటిందండీ అన్నాను. కొందరికి ఆలస్యంగా వస్తుందన్నాడు. ఏ ప్రశ్నకైనా జవాబున్న డాక్టర్ అంటే నాకు అప్పటినుంచే భయం.

సిడ్నీలో కెల్లీవిల్‌లో ఉండే మా అక్క ఫోన్ చేసింది.

"మందు గానీ అలవాటైందేమోనే. వాసన చూశావా?"

"చూశాను. నీ మొగుడు వాడే డియోడరెంటే ఇతనూ వాడుతున్నాడు. అంతకు మించి ఏం లేదు."

"ఎగతాళి చెయ్యకు. తెల్లవాళ్ళు ఇంతే. యాభై దగ్గర పడేసరికి బుద్ధులు మారతాయి."

"బావకి యాభై ఎప్పుడో దాటింది కదా. ఆయనకి మారడానికి బుద్ధి ఉందా లేదా?"

ఫోన్ పెట్టేసింది. నా నోరు అంతే, దానివల్ల మంచి కన్నా చెడే ఎక్కువ జరిగింది, కానీ ఆ రోజుల్లో నాకున్నది అదొక్కటే.

పళ్ళెం పగిలాక గాబోర్ పరుపు తీసుకుపోయి గరాజ్‌లో పడుకోవడం మొదలుపెట్టాడు. తారను కొడతానేమోనని అతని భయం. ఇంట్లోకి రమ్మని ఒకరోజు బతిమాలడానికి వెళ్తే, పరుపు మీద కూర్చుని నేల చూస్తూ అన్నాడు: "నేను జబ్బు మనిషినైనా అయ్యుండాలి, చెడ్డ మనిషినైనా అయ్యుండాలి. ఏదో ఒకటి. మా నాన్న చెడ్డవాడు. నాకూ అదే వచ్చిందా? వాళ్ళని అడుగు. ఏదో చెప్పమను."

అప్పటినుంచి నేను ఆసుపత్రుల చుట్టూ తిరిగింది ఆ జవాబు కోసమే. నయం చేస్తారన్న ఆశ నాకు మొదటినుంచీ లేదు.

ఎమ్మారై తీశారు. "వయసుకు తగ్గట్టే ఉంది" అన్నారు. రక్త పరీక్షలు, థైరాయిడ్, బీ ట్వెల్వ్, అన్నీ నార్మల్. ఆసుపత్రిలో నార్మల్ అన్న మాటకు ఇంత ఏడుపొస్తుందని నాకు తెలీదు. చివరికి న్యూరోసైకాలజిస్ట్ దగ్గరికి పంపారు. ఆమె పొద్దున్నంతా కూర్చోబెట్టి పదాలు గుర్తుపెట్టుకోమంది, బొమ్మలు గియ్యమంది, అంకెలు వెనకనుంచి చెప్పమంది. బయటికొచ్చేసరికి గాబోర్ చొక్కా చెమటకు తడిసిపోయింది.

మా అదృష్టం ఏమిటంటే, అలా అన్నది ఆమే, పాత కొలత ఒకటి దొరికింది. ఇక్కడి క్లబ్‌లో ప్రతి సీజన్‌కు ముందు ఆటగాళ్ళను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి ఇలాంటి పరీక్షే పెట్టేవాళ్ళు. దాన్ని బేస్‌లైన్ అంటారు. తరవాత మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలితే మళ్ళీ అదే పరీక్ష పెట్టి, అంత మార్కులొస్తేనే ఆడనిస్తారు. గాబోర్ సంతకంతో ఆ పాత ఫలితాలు తెప్పించారు. "చాలామంది విషయంలో మేం ఊహించుకోవాలి. మీకు ఆ అవసరం లేదు" అంది.

కొన్ని వారాల తరవాత పిలిచి, కాగితం మావైపు తిప్పి చెప్పింది: "తన బేస్‌లైన్‌తో పోలిస్తే చెప్పుకోదగ్గ డిక్లైన్ లేదు."

"అంటే?"

"జ్ఞాపకశక్తి అప్పుడూ సగటుకంటే కొంచెం తక్కువే. ఇప్పుడూ అంతే."

"నలుగురు కోచ్‌లు, నాలుగు దేశాలు, నాలుగు భాషలు. ఆ జ్ఞాపకశక్తితోనే బతికాడంటారా?"

"చాలామంది బతుకుతారండీ. నేను అంకెలు చెప్తున్నాను."

"అంకెలు నా కూతురి కాలికి గుచ్చుకోలేదు కదా."

ఆమె గాబోర్ వైపు చూసి, మెత్తగా, కపుల్స్ కౌన్సెలింగ్ గురించి ఆలోచించారా అని అడిగింది. నా నోరు చూసి అడిగిందని నాకు అర్థమైంది. గాబోర్‌కి అర్థమైంది మాత్రం వేరు. కారెక్కాక సీట్‌బెల్ట్ పెట్టుకుంటూ, "సరే. తెలిసిపోయింది. జబ్బు కాదు" అన్నాడు. తరవాత గరాజ్ తలుపు లోపలినుంచి గడియ పెట్టుకోవడం మొదలైంది.

దాదాపు ఏడాది అలా గడిచింది. పిల్లల జట్టు కోచ్ పని పోయింది. తల్లిదండ్రులు ఫిర్యాదు చేశారు, నేనైనా చేసేదాన్నే. అతని ఇంగ్లీషులో మాటలు జారిపోవడం నేను రోజూ విన్నాను. ఫ్రిజ్‌ను చూపించి "చల్లటి పెట్టె" అనేవాడు. క్లాసులో ఒకరి నోట్లోకి కొత్త మాటలు రావడం ఎలా ఉంటుందో చూస్తూ బతికినదాన్ని. పోవడం కూడా అలాగే ఉంటుంది, కాకపోతే వెనకనుంచి.

ఆ తరవాత ఒక ఆదివారం అతని పాత క్లబ్ గోల్‌కీపర్ డారియో వాళ్ళ పెరట్లో బార్బెక్యూకి పిలిచాడు. ఇక్కడే పుట్టిన క్రొయేషియన్, ఇప్పుడు కాంక్రీటు కాంట్రాక్టరు. సాసేజ్‌లు తిప్పుతూ ఎలా ఉందని అడిగితే నేను ఆగలేకపోయాను. డాక్టర్లను, ఆ బేస్‌లైన్‌ను కలిపి తిట్టాను.

డారియో నవ్వాడు. "ఏ బేస్‌లైన్? ప్రీ సీజన్‌లో కంప్యూటర్ టెస్టా? మేట్, అది ఎవడూ సరిగ్గా రాయలేదు. ఎలా రాయాలో మాకు నేర్పిందే నీ మొగుడు."

"ఏం నేర్పాడు?"

"మరీ తక్కువ తెచ్చుకుంటే అనుమానమొచ్చి మళ్ళీ రాయిస్తారు. అందుకని కొన్ని పదాలు మర్చిపోయినట్టు ఉండు, బొమ్మ రాగానే నొక్కకుండా కొంచెం ఆగి నొక్కు అనేవాడు. తరవాత తల తిరుగుతున్నా ఆ కాసిన్ని మార్కులూ వస్తాయి. నెక్స్ట్ వీక్ ఆడొచ్చు. సైప్రస్‌లో తల తిరుగుతోందని నిజం చెప్పాడట, బెంచీ మీద కూర్చోబెట్టి, సీజన్ అయ్యాక వద్దు పొమ్మన్నారట. ఆ తరవాత నిజం చెప్పడం మానేశాడు." అప్పుడు నా మొహం చూసి పటకారు కింద పెట్టాడు. "ఎందుకు? ఏమైంది?"

గాబోర్ పక్కనే ఉన్నాడు, చేతిలో ఖాళీ పేపర్ ప్లేటు.

"నిజమేనా?" అన్నాను.

డారియోను చూశాడు, నన్ను చూశాడు. "అలా చేశానా?" అన్నాడు. చిన్నగా నవ్వాడు కూడా. "తెలివైనవాణ్ణే."

దాస్తున్నాడేమోనని వెతికాను. లేదు. గుర్తులేదు, అంతే. అంతవరకు అందరితో పోట్లాడినదాన్ని, ఇక ఎవరితో పోట్లాడాలో తెలియక ఆ పెరట్లో నిలబడిపోయాను.

డారియోను వెంటబెట్టుకుని వెళ్ళి న్యూరోసైకాలజిస్ట్ ముందు కూర్చోబెట్టి మళ్ళీ చెప్పించాను. ఆమె పాత కాగితం తీసి ముందు పెట్టుకుంది. "ఇది ముందే తెలిసుంటే ఆ ఫలితం మీద ఆధారపడేదాన్ని కాదు" అంది. నిజాయితీగా అంది, అందుకే తిట్టలేకపోయాను. పాత కొలత పక్కనపెట్టి మళ్ళీ పరీక్ష చేశారు. మెదడుకి పెట్ స్కాన్ తీశారు. అవన్నీ చూసి న్యూరాలజిస్ట్ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది: "ట్రామాటిక్ ఎన్‌సెఫలోపతీ సిండ్రోమ్, తలకు పదే పదే దెబ్బలు తగలడం వల్ల వచ్చే జబ్బు అని మా అభిప్రాయం. ప్రాబబుల్, అంటే బహుశా అనే రాయగలం. నూటికి నూరుపాళ్ళు తెలిసేది పోయాక మెదడు పరీక్ష చేస్తేనే. ఈ జబ్బుకి ట్రీట్‌మెంట్ లేదు. నిద్రకీ, కోపానికీ మందులిస్తాం. డ్రైవింగ్ ఆపెయ్యాలి."

గాబోర్ ముందుకు వంగాడు. "అయితే నేను చెడ్డవాణ్ణి కాదా?"

ఆమె కంప్యూటర్ నుంచి పూర్తిగా ఇటు తిరిగింది. "కాదు గాబోర్. మీకు ఒంట్లో బాగాలేదు. ఇది జబ్బు."

అక్కడే ఏడ్చాడు. తన గురించి ఇంత ఘోరమైన మాట విని అంత హాయిగా ఏడ్చిన మనిషిని నేను చూడలేదు. ఆ రాత్రి పరుపు లోపలికి తెచ్చుకున్నాడు.

మర్నాడు కాఫీ దగ్గర అడిగాడు: "డాక్టర్లు ఏమన్నారు? జబ్బు కాదన్నారు కదా?"

నేను ఇది రాస్తున్నది అందుకే. మొదటి తీర్పు వచ్చినప్పుడు అతని మెదడుకి ఇంకా పట్టు ఉంది, అది లోపల కూర్చుంది. రెండోది వచ్చేనాటికి ఆ పట్టు పోయింది. తప్పు మాట గుర్తుంది, ఒప్పు మాట నిలవదు. రోజూ చెప్తాను. న్యూరాలజిస్ట్ రాసింది చూపిస్తాను, చదువుతాడు, ప్రాబబుల్ అన్న మాట మీద వేలు పెట్టి ఆగిపోతాడు. కొన్నిసార్లు కుదుటపడతాడు. కొన్నిసార్లు, "నువ్వు నా భార్యవి, అలాగే అంటావు" అంటాడు. తార నాకంటే నయం. "యూ ఆర్ సిక్, డాడ్, నాట్ బ్యాడ్. టోస్ట్ కావాలా?" అంటుంది. ఈ మధ్య అడగడం తగ్గింది. నమ్మకం కుదిరి కాదు. ప్రశ్న కూడా పోతోంది, దాని కింద ఉన్న దిగులు మాత్రం అలాగే ఉంది. ఇంకెంతకాలమని అడిగితే న్యూరాలజిస్ట్ చెప్పలేనంది. నేనూ మళ్ళీ అడగలేదు.

తార ఇంకా ఆడుతోంది, వాళ్ళ నాన్న స్థానంలోనే. నేను ఎంత వాదించానో మీరు ఊహించుకోవచ్చు. ఓడిపోయాను. ఈ సీజన్ మొదట్లో వాళ్ళ క్లబ్‌లోనూ ఆ పరీక్ష పెట్టారు. బయటికి రాగానే ఎలా రాశావన్నాను. "ఫుల్ ట్రై చేశాను, అమ్మా. చాలామంది చెయ్యలేదు" అంది.

మీ పిల్లలు ఫుట్‌బాల్ ఆడినా, రగ్బీ ఆడినా, బేస్‌లైన్ రోజున మీరే తీసుకెళ్ళండి. తెలిసినవన్నీ తెలిసినట్టే రాయమని చెప్పండి. రాశారో లేదో దార్లో గుచ్చి గుచ్చి అడగండి, విసుక్కున్నా సరే. మార్కులు తగ్గించుకోవడం ఎలాగో జట్టులో ఎవరో ఒకరు నేర్పుతారు. మా జట్టులో నేర్పినవాడు ఈ పొద్దున్న కూడా తను చెడ్డవాడినని అనుకుంటూనే లేచాడు.