సుబ్బులు గొంతు వినపడని రోజు

ఒరే, మన సీతారామపురం బడిలో ప్రార్థన పాట గుర్తుందా? నిన్న అక్కడికి వెళ్లి నిర్ఘాంతపోయాను. పాట స్పీకర్ పాడుతోంది, పిల్లలేమో నోరు మూసుకుని నిలబడ్డారు!

మన అయ్యవారు కళ్లు మూసుకుని మన పాట వినేవారు. ఆయనకు అదే హాజరు పట్టీ. ఒకరోజు పాట మధ్యలో ఆపించారు.

"సుబ్బులు గొంతు లేదేందిరా? పోయి చూసి రాండి."

పరిగెత్తాం. ఇంట్లో అందరూ కూలికి పోయారు. సుబ్బులు ఒక్కతే చాప మీద పడి ఉంది, ఒళ్లు కాలిపోతోంది. మనమే ఆస్పత్రికి మోసుకెళ్లాం. ఆ తర్వాత ఎవరి గొంతు తగ్గినా అయ్యవారి కంటే ముందు మనకే తెలిసేది.

నిన్న వరసలో చివరి పాపను అడిగాను.

"ఈరోజు ఎవరు రాలేదమ్మా?"

"తెలీదు సార్. పాట రోజూ మాదిరే ఉండాది గదా!"