గుహ హోటల్లో పరదా ముడి

మొన్న నా పుట్టినరోజని మా కోడలు నన్నొక రైలు హోటల్‌కు తీసుకుపోయింది. లోపలంతా బెర్తులు, కిటికీలు, పచ్చజెండా పట్టుకుని గార్డు వేషంలో ఒక మనిషి. బల్లల పక్కనుంచి బొమ్మరైలొకటి కూతపెట్టుకుంటూ వచ్చి మన ముందు ప్లేట్లు నిలుపుతుంది. ఇంత హంగు చేసినవాళ్ళు పప్పులో ఉప్పెందుకు మరిచారని నేనడిగితే, "ఇక్కడికి తినడానికి ఎవరొస్తారత్తమ్మా, చూడడానికొస్తారు గానీ" అని నవ్వింది. మామూలుగా అయితే ఆ మాటమీద ఒక పూట వాదించేదాన్ని. కానీ చూడడానికే హోటల్‌కు వెళ్ళిన ఒక మనిషి గుర్తొచ్చింది, మా అమ్మ.

మాది గౌలిపుర. ముందు గది మాకు, వెనక కొట్టం బర్రెలకు. రెండింటిలో కొట్టమే వెడల్పు. బాపు తెల్లారకముందే సైకిల్‌కు పాలక్యాన్లు తగిలించుకుని బయల్దేరి, అందరికీ పోసి, చివరగా బహదూర్‌పురాలో జూ పార్కుకు పోయే దారిలోని గుహ హోటల్ వంటింట్లో పోసి వచ్చేవాడు. దానికి అసలు పేరేదో ఉండేది, ఎవరూ పలికేవారు కాదు. ఎనభైల మొదట్లో దాన్ని చూడనివాడు మనిషే కాదన్నంత గొప్పగా చెప్పుకునేవారు: సిమెంటుతో కట్టిన గుహ, పైనుంచి వేలాడే రాతి కొసలు, మూలన బల్బుల కళ్ళతో పెద్దపులి, దాని వెనక బండమీది నుంచి జారే నీళ్ళు. ఇదంతా బాపు చెప్తే అమ్మ విన్నదే. పిడకలు కొడుతూ వినేది, పాలు పితుకుతూ వినేది, విన్నదే మళ్ళీ అడిగేది: "నీళ్ళు నిజంగ పడ్తయా, రంగుకాయితమా?" బాపు విసుక్కుంటూనే మొదటినుంచి చెప్పేవాడు.

నేను ఇంటర్ పాసై డిగ్రీలో చేరినప్పుడు, మా ఇంట్లో అంతదాకా చదివిన మొదటిదాన్ని కనుక, ఏం కావాలో అడగమన్నాడు బాపు. గుహ హోటల్ అన్నాను. అడిగింది నా కోసం కాదని ఆయనకూ తెలుసు. పేడవాసన వస్తుందేమోనని అమ్మ ఆ రోజు చేతులను సున్నిపిండితో రుద్ది రుద్ది కడుక్కుంది.

తీరా వెళితే, గుమ్మం దాటీ దాటగానే వెయిటరు మమ్మల్ని పక్కదారిన ఫ్యామిలీ రూములోకి తోలాడు. మా ఈడువాళ్ళకు ఆ గదుల సంగతి చెప్పనక్కర్లేదు: నాలుగు కుర్చీలు, చెక్కగోడ, నూనెచేతులు తుడిచి తుడిచి బిరుసెక్కిన పరదా. ఆడవాళ్ళుంటే పరదా దించాల్సిందే. పులి అటు, మేము ఇటు. నీళ్ళ చప్పుడు మాత్రం వస్తోంది. అమ్మ ఆ చప్పుడు వైపు తల తిప్పి కూర్చుంది.

నాకు మండింది. హాల్లో కూర్చుంటామన్నాను. కుదరదన్నాడు. ఏ చట్టంలో ఉందన్నాను. "చట్టం గాదమ్మా, రివాజు" అన్నాడు. బాపు ముఖం కందగడ్డలా అయింది. హాలునిండా ఆయన పాలు పోయించుకునే గిరాకీలే, వాళ్ళ ముందు పెళ్ళాంబిడ్డలను కూర్చోబెట్టడం ఆయనకు నామోషీ. "ఏందే నీ లొల్లి, కాలేజీల గిదే నేర్పుతుండ్రా? సప్పుడు జెయ్యకుండ తిను" అన్నాడు. అమ్మ నా మోచేయి గిల్లింది. "పోనీ తియ్యే, సప్పుడన్న ఇన్న గద."

ఆ మాటతో నేనింక కూర్చోలేకపోయాను. లేచి, పరదాను తాడులా మెలిపెట్టి, చెక్కగోడను నిలబెట్టిన ఇనుప పైపుకు కట్టేశాను. మామూలు ముడి కాదు, పాలు పితికేటప్పుడు దూడను గుంజకు కట్టే ముడి. దూడ ఎంత లాగితే అంత బిగుస్తుంది, విప్పాలంటే లోపలికి దోపిన కొసను పట్టి ఒక్కసారి లాగాలి. నాకది నేర్పింది బాపే.

బిర్యానీ తెచ్చిన వెయిటరు పళ్ళేలు బల్లమీద పెట్టి ముడిమీద పడ్డాడు. గోళ్ళతో గీరాడు, పళ్ళతో కొరకబోయాడు. హాల్లో ఒకాయన "పులికంటె గీ తమాషా మస్తుగున్నది" అని నవ్వాడు. చివరికి వెయిటరు బాపు వైపు తిరిగాడు. "దూద్‌వాలా భాయ్, బర్రెలను కట్టెటోనివి, జర నువ్వే ఇప్పు. సేఠ్ జూస్తే తిడ్తడు."

బాపు లేచి ముడి దగ్గరికి వంగాడు. దోపిన కొసను వేలితో తాకాడు కూడా. నా పని అయిపోయిందనుకున్నాను. అప్పుడాయన వెనక్కి తిరిగి చూశాడు. అమ్మకు ఈ గొడవ ఏదీ పట్టలేదు. కొంగు జారిన సంగతి కూడా తెలియకుండా, నోరు కొంచెం తెరుచుకుని, బండమీది నుంచి జారే నీళ్ళనే చూస్తోంది. బాపు కొస వదిలేశాడు.

"నాతోని గాదు భాయ్, గట్టిగ పడ్డది" అన్నాడు. వచ్చి, అమ్మకు అడ్డం రాకుండా తన కుర్చీ పక్కకు జరుపుకుని కూర్చున్నాడు.

ఆ తర్వాత ఇంట్లో గుహ కథ చెప్పే వంతు అమ్మదే అయింది. పులి కళ్ళు ఎర్రగున్నాయని అన్నాళ్ళూ అబద్ధం చెప్పావని, అవి పసుపుపచ్చవని బాపును దబాయించేది.

ఇప్పుడా గుహా లేదు, మా కొట్టమూ లేదు. పరదాలు పోయినందుకు నాకు ఏ విచారమూ లేదు, ఆ రోజులే మేలని ఏడ్చే నా వయసువాళ్ళతో ఇప్పటికీ తగువు పడతాను. కానీ మొన్న ఆ రైలు హోటల్లో, నా చేతిలోని కాగితపు రుమాలును తాడులా మెలిపెడుతున్నానని కోడలు చెబితే గానీ నాకు తెలియలేదు. ముడి వెయ్యబోయి ఆగాను. నేను ఏ ముడి వేస్తే ఏముంది, దాని కొస ఎక్కడుందో తెలిసి కూడా నాతోని గాదనే మనిషి లేడు కదా.