లింగన్న పేరు మీద రాసిన పదకొండు తప్పులు

2021 అక్టోబరులో నన్ను దుబాయ్‌లోని అల్ ఖూజ్ గిడ్డంగుల నుంచి మఫ్రఖ్ కార్మికుల క్యాంపుకి సీనియర్ టైమ్‌కీపర్‌గా బదిలీ చేశారు. ఏ కార్మికుడు ఎన్నింటికి గేటు దాటాడు, ఏ ముఠాలో ఎన్ని గంటలు పనిచేశాడు, ఎవరు సిక్ లీవులో ఉన్నారు అన్నది రోజూ రాసి, సైట్ ఇంజనీరు చేత సంతకం పెట్టించడం టైమ్‌కీపర్ పని. హోదాలో ఫోర్‌మన్ కన్నా కింద, గుమాస్తా కన్నా పైన. రిజిస్టరులో ఏదైనా కొట్టివేస్తే పక్కన కారణం రాసి పొట్టి సంతకం చేయాలి. ఇరవై రెండేళ్ళ సర్వీసులో నేను చేసిన పొట్టి సంతకాలు బహు తక్కువ. ఆ సంగతి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ నేనే చెప్పేవాణ్ణి.

మా ప్రాజెక్టు డైరెక్టరు అమెరికన్. క్యాంపులో అందరూ ఆయన్ని ముదీర్ అనేవారు, అరబ్బీలో డైరెక్టరు అని. ఆ చలికాలం ఆయన క్యాంపు వెనక ఇసుక నేలని చదును చేయించి బేస్‌బాల్ మొదలుపెట్టించాడు. మావాళ్ళకి వచ్చింది క్రికెట్. అయినా సెలవు రోజు సాయంత్రాలు ఆడటానికి నాలుగు జట్లు తయారయ్యాయి. స్కోరు రాసే పని నాకు అప్పగించారు.

నా చదువు ఇంటర్‌తో ఆగింది. మిగిలినదంతా గ్రంథాలయాల్లో నేర్చుకున్నదే. బర్ దుబాయ్‌లో ఉన్న రోజుల్లో సెలవొస్తే గ్రంథాలయంలోనే గడిపేవాణ్ణి. అక్కడికే వెళ్ళి బేస్‌బాల్ నిబంధనల పుస్తకం తీయించుకుని, మైదానం బొమ్మతో సహా ఒక నోటుబుక్కులోకి ఎక్కించుకున్నాను. ఈ ఆటలో ఒక్కొక్క స్థానానికి ఒక్కొక్క అంకె ఉంటుంది. దూరంగా నిలబడి ఎత్తుగా వచ్చే బంతులు పట్టే ముగ్గురినీ ఔట్‌ఫీల్డర్లు అంటారు. వారిలో ఎడమవాడు ఏడు, మధ్యవాడు ఎనిమిది, కుడివాడు తొమ్మిది. ఫీల్డరు తప్పు చేస్తే స్కోర్‌షీట్‌లో అతని అంకె ముందు ఎర్రర్‌కి గుర్తుగా 'ఇ' అని రాయాలి. పుస్తకంలో చివరి అధ్యాయం స్కోరరు విధుల గురించి. దాన్ని చదవకుండా వదిలేశాను. రిజిస్టరు ఎలా నింపాలో నాకు ఇంకొకరు నేర్పాలా అనుకున్నాను.

మా జట్టులో ఎనిమిదో స్థానం లింగన్నది. జగిత్యాల వైపు పల్లె, నలభై ఒక్క ఏళ్ళు, పరంజా కట్టే పని. కింద నుంచి విసిరిన, పైపులు బిగించే ఇనుప క్లాంపుల్ని పైన పైపు మీద కూర్చుని ఒంటిచేత్తో పట్టడం పరంజావాళ్ళ అలవాటు. భద్రతా నిబంధనలు ఒప్పుకోవు. కానీ అన్ని సైట్లలోనూ జరుగుతుంది. పదహారేళ్ళు ఆ పని చేసినవాడికి బంతి ఎక్కడ దిగుతుందో లెక్కగట్టడం కష్టం కాలేదు. బ్యాటు చప్పుడు వినగానే బంతికి వీపు తిప్పి పరిగెత్తేవాడు. దిగేచోటికి బంతి కన్నా ముందు చేరేవాడు. మిగతావాళ్ళు ఆశ వదులుకున్న బంతుల్ని కూడా వదిలేవాడు కాదు.

అలాంటివాటిలో కొన్ని, ఒళ్ళంతా చాచి దూకినప్పుడు, వేళ్ళకి తగిలి జారిపోయేవి. క్యాంపు క్రికెట్‌లో చేతికి తగిలిన బంతి పట్టకపోతే క్యాచ్ వదిలేసినట్టే. నేను అదే కొలత పెట్టి ప్రతిసారీ 'ఇ-8' రాశాను. ఒకసారి లింగన్న వచ్చి షీటులోకి తొంగిచూశాడు. ఆ గుర్తు ఏమిటో చెప్పాను. "చేయికి తాకింది గద సారూ, ఇడిశిపెట్టిన. రాస్కోండ్రి" అని వెళ్ళిపోయాడు.

ఏడో స్థానంలో స్టోర్ గుమాస్తా సురేశ్ ఉండేవాడు. శుభ్రమైన ఆట. తన దగ్గరికి వచ్చినవన్నీ పట్టేవాడు. దూరంగా పడేవాటి కోసం కదిలేవాడు కాదు. అవి నేల మీద పడితే బ్యాటర్ కొట్టిన హిట్‌గానే నమోదవుతాయి, ఫీల్డరు పేరు మీదకి రావు. సీజను ముగిసేసరికి సురేశ్ పేరు మీద ఒక తప్పు ఉంది. లింగన్న పేరు మీద పదకొండు.

2022 ఏప్రిల్‌లో పరంజా పని ముగింపుకి వచ్చింది. ఆ ముఠాల వీసాలు రద్దు చేసే జాబితా సిద్ధమైంది. అదే సమయంలో ముదీర్ మైదానం చూసుకుంటూ కొత్తవాళ్ళకి ఆట నేర్పడానికి ఒక శాశ్వత ఉద్యోగం మంజూరు చేయించాడు. దాన్ని క్యాంపులో గొప్ప ఆటగాడు అనదగినవాడికి ఇవ్వాలన్నాడు. లింగన్న వయసులో వెనక్కి వెళ్ళినవాణ్ణి ఏ ఏజెంటూ మళ్ళీ పంపడు. ఆ ఉద్యోగం వస్తే ఉంటాడు, లేకపోతే ఇంటికే.

సైట్ ఆఫీసులో ముగ్గురం కూర్చున్నాం: ముదీర్, హైదరాబాద్ పాతబస్తీకి చెందిన క్యాంప్ బాస్ యూసుఫ్ భాయ్, నేను. యూసుఫ్ భాయ్ నేరుగా లింగన్న పేరు చెప్పాడు. అలా పట్టేవాణ్ణి తాను క్రికెట్‌లో కూడా చూడలేదన్నాడు. ముదీర్ స్కోర్‌షీట్లు తిరగేసి, ఒక్క తప్పే ఉన్న సురేశ్‌ని చూపించి, ప్రతిభ ఉన్నవాడికీ గొప్పవాడికీ తేడా ఉందనీ, పదకొండు తప్పులు చిన్న విషయం కాదనీ అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, ఇవన్నీ నిజంగా తప్పులేనా, నీకు ఖాయమేనా అని అడిగాడు.

నా షీటుని ప్రశ్నించడం నాకు నచ్చలేదు. అన్నీ సరైనవేనని చెప్పాను. అంతటితో ఆగలేదు. గ్రంథాలయంలో చదివిన సంగతులు చెబుతూ, గొప్పతనానికి కొలత నిలకడ అనీ, మెరుపులు చూసి మోసపోకూడదనీ పది నిమిషాలు మాట్లాడాను.

"క్యా రావు సాబ్," అన్నాడు యూసుఫ్ భాయ్, "మీరు ఆట చూసిన్రా, కాయితం చూసిన్రా?"

ఆట కళ్ళతో చూసేది, తీర్పు కాయితం మీద చెప్పేది అని జవాబిచ్చాను. ఆ మాట బాగా కుదిరిందని కూడా అనుకున్నాను. చేతులెత్తమంటే సురేశ్‌కి ముదీర్ చెయ్యి, నా చెయ్యి లేచాయి. యూసుఫ్ భాయ్ "ఖలాస్" అని టీ పూర్తి చేయకుండానే లేచి వెళ్ళిపోయాడు.

మే రెండో వారంలో పరంజావాళ్ళని విమానాశ్రయానికి తీసుకెళ్ళే బస్సు గేటు దగ్గర ఆగింది. ఆఖరిసారి పంచింగ్ చూసి పేర్లు కొట్టేయడం నా విధి. లింగన్న వంతు వచ్చింది. చేతిలో అట్టపెట్టె, దానికి చుట్టూ తాడు. వెనక ఉన్న ముఠావాడు ఒకడు, "గీ సారే నిన్ను గొప్పోడు గాదన్నడట గదనే" అని ఎగతాళి చేశాడు. లింగన్న నవ్వాడు.

"సురేశ్ సారు ఒక్కటే ఇడిశిండట సారూ, నిజమే. ఇడ్వాల్నంటె ముందుగాల అందుకోవాలె గద" అన్నాడు.

నేను అతని పేరు కొట్టేసి, వెనకవాణ్ణి రమ్మని పిలిచాను.

మరుసటి సెలవు రోజున దుబాయ్ వెళ్ళి ఆ పుస్తకం మళ్ళీ తీయించి, వదిలేసిన అధ్యాయం చదివాను. విషయం స్పష్టంగానే ఉంది. ఆ స్థానంలో ఉన్న మామూలు ఆటగాడు మామూలు ప్రయత్నంతో పట్టగలిగిన బంతిని వదిలితేనే తప్పు. అసాధారణంగా పరిగెత్తి అందుకోబోయిన బంతి చేయి జారితే తప్పు రాయకూడదు. అది హిట్. క్యాంపుకి వచ్చి షీట్లన్నీ ముందు పెట్టుకున్నాను. ప్రతి బంతీ ఎక్కడ పడిందో నా గుర్తులు నాకు ఉన్నాయి. పదకొండులో తొమ్మిది కొట్టివేసి, పక్కన కారణాలు రాసి, తొమ్మిది పొట్టి సంతకాలు చేశాను.

వాటిని ముదీర్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన చదవలేదు. అవి తప్పులు కావని తనకి ఆ రోజే తెలుసన్నాడు. తాను చిన్నప్పటి నుంచి ఆడిన ఆట, తెలియకపోవడమేమిటి అన్నాడు. మరి ఎందుకు చెప్పలేదని అడిగాను. స్కోరరు తీర్పుని ఇంకొకరు మార్చకూడదు, అదీ నిబంధనే, అందుకే నిన్ను అడిగాను అన్నాడు. వీసా రద్దయింది, ఉద్యోగం భర్తీ అయింది, ఇక ఆ కాయితాలు ఎందుకని తిరిగి ఇచ్చేశాడు. ఆ నిబంధన కూడా ఆ చివరి అధ్యాయంలోనే ఉంది.

ఆ పై ఏడాది నేను పదవీ విరమణ చేశాను. ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఇంతే. చేయి చాచినవాడి తప్పుకి రిజిస్టరులో గడి ఉంటుంది, కదలనివాడికి ఉండదు. ఆ గళ్ళు చూసి మనిషి విలువ కట్టేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఆ చివరి ఏడాది నా రిజిస్టరు గురించి ఎవరు అడిగినా, రాసింది నేనే అని చెప్పేవాణ్ణి. సరైనదేనా అంటే మాత్రం, సైటుకి వెళ్ళి చూడండి అనేవాణ్ణి.