అరుగు మీద పరీక్ష పెట్టిన సెక్రటరీ గారు

సెక్రటరీ గారు పోయారన్న కబురు వచ్చేసరికి నేను కోరాం మీద కొబ్బరి కోరుతున్నాను. చేతిలో చిప్ప అలాగే పట్టుకుని పక్కింటికి పరిగెత్తాను. అమలాపురంలో సేవా క్లబ్బుకు ఆయన ఎన్నో ఏళ్లు సెక్రటరీ. మాకు పక్కింటి పెద్దాయన.

అక్కడ వాకిట్లో క్లబ్బు పెద్ద, రైసుమిల్లు ఆయన, ఎవరితోనో అంటున్నారు: "మనిషి మంచోరేనండి. కానీ మీటింగుకి పిలిచిన పెద్దల్ని ఆ లౌజులు చేసే ఆవిడ అరుగు మీద కూచోబెట్టి పరువు తీసేవోరండి."

ఆ ఆవిడను నేనే. ఆ పూట కాబట్టి నోరు మూసుకున్నాను. ఇప్పుడు మూసుకోను. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా మనవరాలు రాస్తోంది. ఒక్క ముక్క తీసేసినా ఊరుకోనని దానికీ చెప్పాను.

క్లబ్బు మీటింగులకు టీ, తీపికి బెల్లప్పాకంలో చేసే కొబ్బరి లౌజు నావే. మీటింగుకు ఎవరినైనా పిలిచి మాట్లాడించడం సెక్రటరీ గారి పని. ఆయన హోదా చూసి ఎంచేవారు కాదు. పశువుల డాక్టరును పిలవాలంటే ముందు ఆ ఆసుపత్రికి వెళ్లి, రైతుల వెనక నిలబడి, డాక్టరు వాళ్లతో ఎలా మాట్లాడుతున్నాడో వినేవారు. "అవతలి మనిషిని మాట పూర్తి చెయ్యనివ్వనోడు మన మైకు ముందుకెందుకు చెల్లాయ్?" అనేవారు నాతో. ఒక పెద్ద ఆఫీసరును అలాగే వదిలేసి, వరదలో జనాన్ని దాటించిన ముమ్మిడివరం పడవాయన్ను పిలిచారు. ఆ రోజు ఆయన చెబుతుంటే నా లౌజు ముట్టిన నాథుడు లేడు. నాకు కోపం కూడా రాలేదు.

పిలిచాక తయారు చెయ్యడం మా అరుగు మీద. మీటింగుకు ముందు రోజు మధ్యాహ్నం వాళ్లను తీసుకొచ్చి, మజ్జిగ ఇప్పించి, రేపు చెప్పేది ఇవాళ చెప్పమనేవారు. నేను కొబ్బరి కోరుకుంటూ వినాలి. నా చెయ్యి ఆగితే ఆ ముక్క ఉంచాలి, ఆగకపోతే తీసేయాలి. "మా చెల్లాయ్ మొహమాటానికి తలూపుద్దండి, చెయ్యి మాత్రం అబద్ధం ఆడదు" అని ముందే చెప్పేవారు. మొహమాటం నాకెక్కడిది!

ఒక ఏడు కంటి ఆపరేషన్ల క్యాంపు పెట్టారు. మా అత్తగారికి రెండు కళ్లకూ పొర. కంచంలో అన్నం తడుముకుని తినేది. క్యాంపు మాట ఎత్తితే మాత్రం మంచం దిగేది కాదు. బతిమాలాను, తిట్టాను, అలిగాను. లాభం లేకపోయింది.

క్యాంపు గురించి చెప్పడానికి కాకినాడ నుంచి వచ్చిన డాక్టరు గారు మా అరుగు మీద కూర్చుని, కన్ను లోపల ఏయే భాగాలుంటాయో మొదలుపెట్టారు. నేను ఒక కాయ కోరేసి ఇంకోటి పగలగొట్టాను. సెక్రటరీ గారు కండువాతో నుదురు తుడుచుకున్నారు. అప్పుడు లోపలి మంచం మీద నుంచి మా అత్తగారి గొంతు వినిపించింది.

"బాబూ, కన్ను పీకి బల్ల మీద పెట్టి కడుగుతారంట, నిజవేనా?"

డాక్టరు గారు పక్కున నవ్వారు. సెక్రటరీ గారు నవ్వలేదు.

"నవ్వకండి డాక్టరుగారూ. రేపు హాల్లో అందరి కడుపులోనూ ఇదే ఉంటదండి. అడగడానికి సిగ్గు. మీరు దీంతోనే మొదలెట్టండి. ముందు మా పిన్నిగారికి చెప్పండి."

"ఆయ్, అలాగేనండి" అని డాక్టరు గారు లోపలికి వెళ్లి అత్తగారి పక్కన కూర్చున్నారు. కన్ను ఎక్కడికీ పోదని, ఉన్నచోటే ఉంచి పొర తీస్తారని, నొప్పి తెలియకుండా మందిస్తారని ఆవిడ చెయ్యి పట్టుకుని చెప్పారు. నా చెయ్యి ఆగిపోయింది.

"అయితే నా పేరు రాయించవే" అంది మా అత్తగారు.

మర్నాడు హాల్లో డాక్టరు గారు ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టారు. అందరూ గొల్లుమన్నారు, ఆ తరవాత కిక్కురుమనకుండా విన్నారు. క్యాంపులో కట్టు విప్పి, సోడాబుడ్డి అద్దాలు పెట్టిన రోజున మా అత్తగారు నన్ను కింద నుంచి పైదాకా చూసి, "ఇదేంటే, నువ్విలా ముసిలైపోయేవు?" అంది. సెక్రటరీ గారు గుమ్మం పట్టుకుని కళ్లల్లో నీళ్లు వచ్చేదాకా నవ్వారు. చదివేవారే చెప్పండి, ఇందులో ఎవరి పరువు పోయింది?

సంతాప సభలో మాట్లాడేది ఆ మిల్లు ఆయనేనని తెలిసి కబురు పంపాను: సెక్రటరీ గారి గురించి చెప్పాలంటే ముందు మా అరుగు మీద చెప్పి వెళ్లాలని. రారనుకున్నాను. వచ్చారు. పంచె సర్దుకుని కూర్చుని, మహానుభావుడు, సేవామూర్తి, తీరని లోటు అంటూ అందుకున్నారు. నేను కోరుతూనే ఉన్నాను. ఆయన నా చేతి వైపు చూసి, గొంతు సవరించుకుని, ఇంకా పెద్ద మాటలు తీశారు. నేను ఇంకా గట్టిగా కోరాను.

చివరికి ఆయన ఆగిపోయి, పక్కింటి గోడ వైపు చూస్తూ మెల్లగా అన్నారు.

"నేను మొదటిసారి మాట్లాడేటప్పుడు నన్నూ ఇక్కడే కూచోబెట్టేరమ్మా. కోపం వచ్చింది. భయవూ వేసింది. వణుకు తెలీకుండా మజ్జిగ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకున్నాను. ఆయన అది చూసేరు. తన గ్లాసు కూడా రెండు చేతుల్తో పట్టుకున్నారు."

చిప్ప కోరాం మీదే ఉంది. నా చెయ్యి దాని మీదే ఉండిపోయింది.