ఎలకలాయన బొటనవేలు

ఆఫీసులో ఆయన అసలు పేరు జీతాల సెక్షన్‌కు తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు. అందరికీ ఆయన ఎలకలాయనే. కంప్యూటర్ సామాన్లు అమ్మే ఆ కంపెనీకి కొత్త మౌస్ ఏది వచ్చినా ముందు పరీక్షకు ఆయన చేతి కిందికి రావాల్సిందే. కిటికీ లేని గది, ఒక బల్ల, రెండు తెరలు, వెనక్కి వాలితే కిర్రుమనే కుర్చీ. పొద్దున కూర్చున్నవాడు ఒకే ఆటలో, ఒకే వంతెన మీద, ఒకే శత్రువును సాయంత్రం దాకా కాలుస్తూ ఉండేవాడు. "మీకేంటండీ, ఆడుకుంటే జీతమిస్తారు" అనేవాళ్లు కొత్తగా చేరినవాళ్లు. ఆ మాటకు నవ్వడం ఆయన ఎప్పుడో మానేశాడు. ఇప్పుడా వంతెన కలలోకి వచ్చినా విసుగ్గా అటు తిరిగి పడుకుంటాడు.

ఆ వానల్లో వచ్చిన మౌస్ మామూలుది కాదు. రెండు బొత్తాలూ చక్రమూ సరే, అవి దేనికైనా ఉంటాయి. దీనికి బొటనవేలు ఆనే చోట పొట్టి కాడ ఒకటి ఉంది. దాన్ని ఎటు వంచితే ఆటలో మనిషి అటు నడుస్తాడు. ఉంగరం వేలి కింద ఒక మీట. అరచేయి ఆనే వీపు కూడా నొక్కితే లోపలికి దిగుతుంది, తుపాకీ మారుతుంది. కీబోర్డు జోలికి పోకుండా ఒంటిచేత్తో ఆడేయొచ్చని తయారుచేసినవాళ్ల ధీమా.

మీట ఆయనకు నచ్చింది. వీపు నొక్కుడు మెల్లగా అలవాటైంది. కాడ దగ్గరే చిక్కొచ్చింది. కాసేపు వంచేసరికి బొటనవేలి మొదట్లో సన్నగా సలుపు పుట్టి మణికట్టు దాకా పాకేది. "కాడ మరీ బిగుతు. సడలించాలి" అని రాసి పంపాడు. వాళ్లు సడలించి ఇంకోటి పంపారు. మళ్లీ అదే సలుపు. "ఇంకా బిగుతే" అని రాశాడు.

మూడోదాన్ని మేడమ్ స్వయంగా తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆ విభాగానికి ఆమే పెద్ద, వయసులో ఆయనకన్నా చిన్న.

"ఇంతకన్నా వదులు చేస్తే కాడ నిలబడదంటున్నారండీ వాళ్లు. మీరు ఊ అంటే తయారీ మొదలెట్టేస్తారు."

"చూస్తానండీ."

"ఒంట్లో బాగుందా? మొహం పీక్కుపోయింది."

"నిద్ర చాలట్లేదు, అంతే."

మధ్యాహ్నానికల్లా మూడోదానితోనూ సలుపు మొదలైంది. రిపోర్టులో "బిగుతు" అని కొట్టి, ఎందుకో చెరిపేశాడు. మొదటిదాన్నీ మూడోదాన్నీ సంచిలో వేసుకుని ఇంటికి బయల్దేరాడు.

ఇంట్లో బావమరిది ఉన్నాడు. ఒక ఉద్యోగం వదిలి ఇంకోటి దొరికే సందులో అక్క ఇంట్లో దిగాడు. సోఫా అంతా వాడి రాజ్యమే. మూడో మౌస్‌ను చూడగానే పగలబడి నవ్వాడు.

"ఇదేంటి బావా, వంకాయకి మొలకొచ్చినట్టుంది!"

"వెక్కిరింపులాపి ఆడి చెప్పు. ఆ కాడ సంగతి."

వాడు ఆడాడు. మీటను మెచ్చుకున్నాడు. కాసేపటికి మొహం చిట్లించాడు. "మిగతాదంతా భలే ఉంది గానీ, ఈ కాడేంటిలా ఊగిపోతోంది? వేలు ఆనిస్తే చాలు, మనిషి పోయి గోతిలో పడుతున్నాడు."

"బిగుతుగా లేదూ?"

"బిగుతా! పాలపళ్లు ఊడేముందు ఇలాగే ఉంటాయి."

ఎలకలాయన సంచిలోంచి మొదటి మౌస్ తీసి ఇచ్చాడు.

"హా, ఇదీ! ఇది చెప్పిన మాట వింటోంది" అన్నాడు వాడు.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింటున్న భార్య తడి చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"సీసా మూతలు నాచేత తీయిస్తున్నారు. గుండీలు ఎడమచేత్తో పెట్టుకుంటున్నారు. అడిగితే ఏమీ లేదంటారు. బిగుసుకుపోయింది మీ వేలండీ, ఆ ఎలక కాదు."

"వేలు పోయిందంటే నన్నేం చేసుకుంటారు అక్కడ?"

ఆమె ఆయన చెయ్యి ఒళ్లోకి తీసుకుని బొటనవేలి మొదట్లో నొక్కింది. ఆయన అబ్బా అన్నాడు. "రేపు డాక్టర్ దగ్గరికి" అంది. ఈ మధ్య ఎన్ని మంచి మౌసులను ఆ వేలి మాట విని పనికిరావన్నానో అని ఆలోచించబోయి, ఓపిక లేక మానేశాడు.

డాక్టర్ వేలిని అటూ ఇటూ వంచి, నరం వాచిందన్నాడు. "ఏం పని చేస్తారు?"

"ఆటలాడతానండీ."

డాక్టర్ తలెత్తి చూశాడు. "ఈ వయసులోనా?"

చేతికి కట్టుతోనే మేడమ్ గదిలోకి వెళ్లాడు. "మొదటిదే సరైందండీ. బిగుతు నా వేల్లో ఉంది."

ఆమె కట్టు వంక చూసింది. "నొప్పని ముందే చెప్పొచ్చుగా?"

"నొప్పని తెలుసు. మౌస్ వల్లే అనుకున్నాను."

"ఇప్పుడు వాళ్లకేం చెప్పమంటారు?"

"ఉన్నమాటే చెప్పండి."

ఆ వారమంతా ఆమె ముభావంగానే ఉంది. తయారీవాళ్లు సణుక్కుంటూనే మొదటి కాడకు తిరిగొచ్చారు. ఇకమీదట ఒక్కరి చేతినే నమ్ముకోవద్దని పరీక్షల పనిని రకరకాల చేతులున్న కొందరికి పంచారు. ఆయన్ని కింది అంతస్తులో ఫిర్యాదుల ఫోన్ల దగ్గర కూర్చోబెట్టారు. అక్కడ కిటికీ ఉంది. వెలుతురు అలవాటు లేక మొదట్లో కళ్లు చికిలించేవాడు. పాత పని పోయినందుకు బాధపడాలో, వదిలినందుకు ఊపిరి పీల్చుకోవాలో ఆయనకు తేలలేదు. మౌస్ బజారులోకి వచ్చి ఓ మోస్తరుగా అమ్ముడైంది. కాడ గురించి మాత్రం ఫోన్లు రాలేదు.

ఒక సాయంత్రం ఇంటికెళ్లే బస్సులో సీటు దొరికితే కూర్చుని అలాగే నిద్రపోయాడు. కండక్టర్ భుజం తట్టేసరికి దిగాల్సిన స్టాపు దాటిపోయింది. తనను తాను తిట్టుకునే ఓపిక కూడా లేక, దిగి, వచ్చిన దారినే వెనక్కి నడిచాడు.