కప్పు ఊపని మనిషి

ఒమన్‌లో కావా, అంటే అరబ్బుల కాఫీ, తాగడం చాలనుకుంటే చిన్న కప్పును అటూ ఇటూ ఊపి ఇవ్వాలి. ఊపకపోతే పోస్తూనే ఉంటారు. అక్కడి ఖురం ప్రాంతంలో ఒక హోటల్ ట్రైనింగ్ మేనేజరుగా ఉన్న కడప పెద్దాయన కప్పు ఊపగా నేనెన్నడూ చూడలేదు.

గదులు సర్దే సిబ్బందికి మా కంపెనీ శిక్షణ ఎలా ఇస్తుందో రాసి ఆయనకు ప్రపోజల్ ఇచ్చాను. తీరిగ్గా చదివి, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకున్నారు.

"శానా బాగుండాది మేడం. శాంపిలుకు ఒక పాఠం గూడా కలపండి."

కలిపాను. తర్వాత బొమ్మలు కలపమన్నారు. ఆ తర్వాత పరీక్ష, దాని జవాబులు. వెళ్ళినప్పుడల్లా ఖర్జూరాలు, కావా, మెత్తటి మాట. పని మాకిస్తామని మాత్రం అనరు. "ఆ హోటల్ సంగతేమైంది?" అని మా బాస్ అడిగితే, ఇంకా కలుపుతున్నానని చెప్పడానికి నాకే సిగ్గేసేది.

ఒకరోజు ఆయనే రమ్మన్నారు. ఆర్డరు వచ్చిందనుకుని పరుగెత్తాను. చూస్తే, సిబ్బందినంతా హాల్లో కూర్చోబెట్టి, తెర మీద నా పాఠమే పెట్టి, ఆయనే చెబుతున్నారు. ఒళ్ళు మండిపోయింది. నన్ను చూసి తడబడతారనుకున్నాను. ఆయన ముఖం వెలిగిపోయింది.

"రాండి మేడం, టైముకొచ్చినారు! మీ పాఠం అందరికీ ఎంత బాగా అర్థమైతాందో సూడండి. సర్టిఫికెట్ ఒకటే తక్కువ. అది గూడా కలిపేయండి."

ఆయన స్వయంగా కావా పోసి ఇచ్చారు. ఒక్క గుక్కలో తాగేసి, కప్పు గట్టిగా ఊపి ఆయన చేతికిచ్చాను.

ఆయన నవ్వుతూ దాన్ని మళ్ళీ నింపారు.