మునగ దుడ్లతో కొన్న సంపెంగ

పొద్దుటి నుంచి ఇల్లంతా వేపపిండి వాసన. తోటల కాంట్రాక్టరు నమూనాకని ఎర్రమట్టీ కొబ్బరిపొట్టూ వేపపిండీ కలిపిన సంచి ఒకటి మా గుమ్మం ముందు పడేసి, దాని మీద నాలుగు కాగితాల కొటేషన్ పెట్టి పోయాడు. పురసవాక్కంలో మా అపార్ట్‌మెంట్‌కు ఈ ఏడు కోశాధికారిని నేను. గేటు పక్కనున్న ఖాళీ స్థలంలో చెట్లకూ పొదలకూ ఎంత ఖర్చు పెట్టాలో సాయంత్రంలోగా తేల్చి సంతకం చేయాలి. ఒక్కొక్కటి మా పనిమనిషి నెల జీతమంత ధర పలికే తాటిజాతి చెట్లు పన్నెండు, గోడ వెంట గుబురు పొదలు, పరుచుకునే గడ్డి, ఆఖరి పేజీలో క్రోటన్లు ఇరవై. ఆ క్రోటన్ల మీద మాత్రం సెక్రటరీ గారు ఎర్ర పెన్నుతో అడ్డగీత కొట్టారు. పాతకాలపు మొక్కలట, దండగట. ఆ గీత చూసినప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. కాఫీ రెండుసార్లు కలుపుకుని రెండుసార్లూ చల్లార్చుకున్నాను. బాల్కనీలో వాలుకుర్చీలో కూర్చున్న సరోజత్త, డెబ్బై దాటిన మా మేనత్త, నా అడుగుల చప్పుడు వింటూ ఉంది.

మా పాత ఇల్లు ఇక్కడికి రెండు వీధుల అవతల. పొడుగాటి ఇల్లు, చివర పెరడు, పెరట్లో ఉప్పునీళ్ల బావి, బట్టలుతికే బండ, ప్రహరీకి ఆనుకుని మునగచెట్టు. ఎండాకాలం వస్తే బావినీళ్లు మరీ కటిక ఉప్పై పప్పు ఉడికేది కాదు, కార్పొరేషన్ లారీ వచ్చిందంటే బిందెలు పట్టుకుని వీధంతా పరుగే. తమిళుల ఆడి నెల, మన ఆషాఢపు గాలికి మునగపూలు పెరడంతా తెల్లగా రాలితే అవ్వ చాటతో ఎత్తి, కొబ్బరికోరు వేసి వేపుడు చేసేది. వానలు పడితే మాను నిండా గొంగళిపురుగులు, మా ఒంటి నిండా దద్దుర్లు. మాను మీద ఊరిన బంక గీకి, నీళ్లలో నానబెట్టి, చిరిగిన నోటు పుస్తకాలకు అట్టలు అంటించుకునేవాళ్లం. నవరాత్రి బొమ్మల కొలువుకు వచ్చిన పేరంటాళ్లకు గుగ్గిళ్లతో పాటు నాలుగేసి మునక్కాయలు చేతిలో పెట్టి పంపడం మా ఇంటి మర్యాద.

తాతకు ఎండుమిరప మండీ ఉండేది. ఆయన చొక్కా విప్పి కొక్కేనికి తగిలిస్తే చాలు, ఆ గదిలో ఉన్నవాళ్లందరం వరసగా తుమ్మేవాళ్లం. వ్యాపారంలో చెయ్యి ధారాళమే కానీ పెరటి విషయంలో ఆయనదొక విచిత్రమైన చట్టం. పెరటి ఖర్చు పెరడే సంపాదించుకోవాలి. ఇంట్లోకి పోగా మిగిలిన మునక్కాయల్ని గంపలో కూరగాయలమ్మే అంజలమ్మ కొనుక్కునేది, ఆ చిల్లర పాత బిస్కెట్ల డబ్బాలో పడేది. వాటి పేరు మునగ దుడ్లు. ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా, పండగొచ్చినా ఆ డబ్బా మూత తీసేది లేదు. దసరాకు వారం ముందు, వానలు దిగేలోపు, మొక్కల బండివాడు రావడానికి ముందటి ఆదివారం మాత్రం తాత దాన్ని మండువాలో బోర్లించేవాడు. ఈ ఏటికి చెట్లకు ఎంతో ఆ నాణేలే చెప్పేవి. ఏ మొక్క కొనాలో మేమంతా చుట్టూ చేరి వాదించుకోవాలి. కోర్టు అంటే అదీ కోర్టు, తీర్పు మాత్రం ఎప్పుడూ నిమ్మకో కరివేపాకుకో పడేది.

నాకు పదేళ్లప్పుడు ఆ కోర్టులో రెండు కోరికలు నిలబడ్డాయి. నాకు సంపెంగ కావాలి. బళ్లో నా ముందు బెంచీ పిల్ల రోజూ జడలో సంపెంగ పెట్టుకొచ్చి నా ప్రాణం తీసేది. సరోజత్తకు క్రోటన్లు కావాలి. అత్త అప్పుడు టీచర్ ట్రైనింగ్ చదువుతుండేది. ఆ కాలేజీ మెట్లకు అటూ ఇటూ ఉన్న కుండీల్లో ఒకే ఆకు మీద ఎరుపూ పసుపూ పచ్చా ఎలా కలిసుంటాయో చెబుతుంటే ఆమె కళ్లు మెరిసిపోయేవి.

"పూయదు, కాయదు. ఆకు చూసుకునేదానికి దుడ్లా?" అన్నాడు తాత.

"చూసుకునేదానికే నాయనా," అంది అత్త. అంత నిబ్బరంగా తాతకు బదులు చెప్పినవాళ్లు మా ఇంట్లో లేరు. ఆయన కాసేపు మీసం నిమురుకుని, "సెరి, వచ్చే ఆదివారం బండివాడు రానీ, దుడ్లు మిగిలితే చూస్తాం," అన్నాడు.

అంటు సంపెంగ పదకొండు రూపాయలు, క్రోటన్ల జత మూడు. డబ్బాలో ఉన్నది పన్నెండు. ఇంకో రెండు కట్టల మునక్కాయలు అమ్మితే ఇద్దరికీ సరిపోతుంది. ఈ లెక్క నేనే కట్టాను, ఎవరూ చెప్పలేదు. కానీ అందే ఎత్తులో కాయలన్నీ అయిపోయాయి, మిగిలినవి పైకొమ్మన వేలాడుతున్నాయి. మునగకొమ్మ ఎంత పెళుసో, పిల్లలు దాన్ని ఎక్కకూడదని ఉగ్గుపాలతో నేర్పిన ఇల్లు మాది. అయినా శుక్రవారం మధ్యాహ్నం, అవ్వ కునుకు తీస్తుండగా, ఎక్కాను. నాలుగు కాయలు కోశానో లేదో పెళపెళమని చప్పుడు. కొమ్మా నేనూ కలిసి కింద పడ్డాం. నాకు మోచెయ్యి గీరుకుపోయింది, చెట్టుకు సగం మాను చీలిపోయింది. కాయలు బావిలోకి విసిరేసి, చెయ్యి కడుక్కుని, పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను.

ఆ కొమ్మకే అత్త బట్టల తాడు కట్టి ఉంది. దాని మీద పొద్దున ఆరేసిన రెండు దుప్పట్లు మట్టిలో పడి ఉన్నాయి. సాయంత్రం మండీ నుంచి వచ్చిన తాత చూసింది అవే.

"తడి దుప్పట్ల బరువుకు మునగకొమ్మ ఆగతాదా? బుద్ధి ఉండాదా నీకు?"

"నేనే ఆరేసినా నాయనా," అంది అత్త. అది నిజమే కదా. తన దుప్పట్లే చెట్టును విరిచాయనుకుంది పాపం.

నేను నోరు విప్పాలి. విప్పలేదు. ఇప్పుడు చెప్తాను, అన్నం తిన్నాక చెప్తాను, రేపు చెప్తాను అనుకుంటూనే ఆదివారం వచ్చేసింది. "చెట్టు విరగ్గొట్టినదానికి మళ్లా చెట్టు ఒకటా?" అని తాత పన్నెండులో పదకొండు నా సంపెంగకే పోశాడు. విరిగిన మునగను ముక్కలుగా నరికి ఆయనే గోడ వెంట పాతాడు. మునగకు చావు లేదు, నెలకల్లా అన్నీ చిగిర్చాయి. అత్త మాత్రం ఆ ఇంట్లో మళ్లీ ఏ మొక్కా అడగలేదు. ఉద్యోగం వచ్చాక కూడా ఒక్క కుండీ తెచ్చుకోలేదు. మూడో ఏడు సంపెంగ పూస్తే, మొదటి పువ్వు కోసి నా జడలో పెట్టింది ఆమే. ఆ రోజంతా ఆ వాసనకు నాకు తలనొప్పి.

ఇవాళ ఇక ఓపలేకపోయాను. మధ్యాహ్నం కొటేషన్ చేతిలో పట్టుకునే బాల్కనీలోకి పోయి, ఆమె కుర్చీ పక్కన నేల మీద చతికిలబడి, యాభై ఏళ్ల మాట, అన్నం తిన్నాక చెప్తాననుకుంటూ దాటేసిన సంగతితో సహా, ఒక్క గుక్కలో చెప్పేశాను.

అత్త నవ్వింది. "తెలుసులేమే. మరుసటి దినం నీ గౌను ఉతికింది ఎవురు? జేబు నిండా మునగపూలు ఉండె."

"మరి చెప్పలేదేం తాతకు?"

"చెప్తే నిన్ను కొడతాడు. నాకేమన్నా క్రోటన్ వస్తాదా?" కొంగు సర్దుకుని, "కోపం లేదని చెప్పను. శానా దినాలు ఉండె. నువ్వే వచ్చి చెప్తావని చూస్తా ఉంటి," అంది.

నాకు ఏడుపు ఆగలేదు. ముక్కు చీదుకుంటూ, "ఇప్పుడు పెట్టిస్తానత్తా, ఇరవై క్రోటన్లు, నీ బాల్కనీ కిందే. ఆ సెక్రటరీ ఎవరు గీత కొట్టడానికి?" అన్నాను.

"ఇప్పుడెందుకుమే? ఆకు రంగు నాకేడ తెలుస్తాది?" అంది అత్త. మూడేళ్లయింది ఆమె కళ్లకు వెలుతురూ నీడా తప్ప ఏమీ ఆనక. అది మరిచిపోయి మాట్లాడింది నా నోరు. "సంపెంగ ఒకటి పెట్టించు. వాసనన్నా వస్తాది."

ఆ పెరడు ఇప్పుడు ఒక బట్టల దుకాణానికి బండ్లు నిలిపే చోటు. బావి మీద సిమెంటు పలక, మునగలు లేవు, తాత లేడు, నా సంపెంగ ఉన్నచోట టోకెన్ ఇచ్చే గుడారం. వీధిలో పోతూ అటు చూడకుండా తల తిప్పుకునేదాన్ని ఇన్నాళ్లూ.

కొటేషన్‌లో తాటిజాతి చెట్లు పన్నెండూ కొట్టేశాను. సంపెంగ ఒకటి రాశాను. క్రోటన్ల మీది ఎర్ర గీత పక్కన "ఉండాలి" అని రాసి సంతకం చేశాను. సెక్రటరీతో రేపు పెద్ద రభసే.

"క్రోటన్లు కూడా రాసినానత్తా. ఏ ఆకు ఏ రంగులో ఉండాదో పొద్దున్నే నేను చెప్తా."

"దినమూ చెప్తావా?"

"దినమూ."

"అప్పుడు కూడా అన్నం తిన్నాక చెప్తాననుకున్నావు కదా," అంది అత్త, నా తల తడిమి చూస్తూ.